నాలుగు సైట్ల లెక్కలు, బిల్లు కటింగులు ఒకే చోట కనపడేలా ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు?

డిండి_కాంట్రాక్టర్ (దేవరకొండ)

అందరికీ నమస్కారం. నాకు ఇప్పుడు నాలుగు పనులు నడుస్తున్నాయి. దేవరకొండ చుట్టుపక్కల రెండు సీసీ రోడ్లు, కొండమల్లేపల్లి వైపు ఒక కల్వర్టు, నల్లగొండలో ఒక ప్రైవేటు ఇల్లు. పనిలో ఇబ్బంది లేదు, లెక్కల దగ్గరే పడిపోతున్నా. సిమెంటు ఒక సైటు పేరు మీద కొంటాం, అర్జెంటని ఇంకో సైటులో దింపుతాం. జేసీబీ పొద్దున రోడ్డు మీద ఉంటుంది, మధ్యాహ్నం కల్వర్టు దగ్గర ఉంటుంది, డీజిల్ బిల్లు మాత్రం ఒకటే వస్తుంది. నెలాఖరుకు ఏ పని మీద ఎంత పెట్టానో నాకే తెలియదు.

పోయిన ఎండాకాలం జరిగింది చెప్తా. కంకర టిప్పర్ల కాంటా చీటీలన్నీ బండి డ్యాష్‌బోర్డు మీద రబ్బరు బ్యాండు వేసి పెట్టా. ఫైనల్ బిల్లప్పుడు తీసి చూస్తే ఎండకు అక్షరాలు ఎగిరిపోయి 31 తెల్లకాగితాలు మిగిలాయి. దేనిమీదా బండి నంబరు లేదు, బరువు లేదు. క్రషర్ వాళ్లు ఎన్ని టన్నులంటే అన్ని టన్నులకు డబ్బు కట్టా. వాళ్లు తప్పు చెప్పారని నేను అనడం లేదు, కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అదే బాధ.

క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అని రోజూ ఫోన్లు వస్తున్నాయి, సంవత్సరానికి ఇంత కట్టమంటున్నారు. మనలాంటి చిన్న కాంట్రాక్టర్లకు నిజంగా పనికొస్తుందా? వాడేవాళ్లే చెప్పండి, అమ్మేవాళ్లు వద్దు.

సెంట్రింగ్_తమ్ముడు (నాగర్‌కర్నూల్)

అన్నా, నేను ఇళ్లు, అపార్ట్‌మెంట్లు చేస్తా, గవర్నమెంటు పనులు తక్కువ. రెండేళ్ల నుంచి సైటు యాప్ వాడుతున్నా. పవర్‌ప్లే, ఆన్‌సైట్ అని మన దేశంలో తయారైనవే ఉన్నాయి, ఇంకా చాలా వచ్చాయి. సైటులో మున్షీ ఫోన్‌లోనే హాజరు వేస్తాడు, లోడు వస్తే చీటీ ఫొటో, బండి ఫొటో తీసి ఎక్కిస్తాడు, నేను ఎక్కడున్నా కనపడుతుంది. మీ కాంటా చీటీ ఇబ్బంది మొదటి రోజే పోతుంది, ఎందుకంటే చీటీ చేతికి వచ్చిన నిమిషంలో ఫొటో అయిపోతుంది కాబట్టి.

కానీ ఒకటి చెప్పాలి, ఇవి సైటు చూసుకునే యాప్‌లు. జీఎస్టీ రిటర్నులు, బ్యాలెన్స్ షీటు వీటితో అవుతాయనుకోకండి. దానికి టాలీనో, జోహో బుక్సో, బిజీనో వేరే ఉండాల్సిందే. ఒకటే సాఫ్ట్‌వేర్ అన్నీ చేస్తుందని ఎవరైనా చెప్తే మీ పాత బిల్లు ఒకటి వాళ్ల ముందు పెట్టి ఎక్కించి చూపించమనండి.

పాత_మేస్త్రి (మిర్యాలగూడ)

నేను సుతారి పని నుంచి పైకి వచ్చినవాణ్ణి, 30 ఏళ్లు దాటింది. నోటుబుక్కులోనే రాసుకున్నా, ఒక్కరి బాకీ ఎగ్గొట్టలేదు. సాఫ్ట్‌వేర్ లేకపోతే పని ఆగదు. సైటుకు రోజూ పోయి కళ్లతో చూసుకునేవాడికి లెక్క తప్పదు, పోనివాడికి ఎన్ని యాప్‌లు ఉన్నా తప్పుతుంది. ముందు ఆ నాలుగు పనులు రెండుకు తగ్గించుకో నాయనా.

సైటు_పద్దు (జడ్చర్ల)

మేస్త్రి గారూ, మీరు చెప్పింది సగం నిజం. మా ఆయన సైట్లు చూసుకుంటారు, లెక్కలు నావి. ఏడేళ్లు నోటుబుక్కే. మా దగ్గర మున్షీ చెప్పకుండా మానేసి ఊరికి పోయాడు, అతనితోపాటు బుక్కూ పోయింది. గుంపు మేస్త్రీకి ఎంత అడ్వాన్సు ఇచ్చామో, ఎన్ని రోజుల హాజరు పడిందో అంతా అందులోనే ఉంది. మేస్త్రీ ఒక లెక్క చెప్పాడు, మాకు గుర్తున్నది ఇంకో లెక్క. చివరికి ఆయన చెప్పిందే ఇచ్చాం. పాపం ఆయనా ఇరవై మంది కూలీలకు పంచాలి కదా, గొడవ పడి ఏం లాభం.

ఆ తర్వాత నేను డబ్బు పెట్టి ఏదీ కొనలేదు. గూగుల్ షీటు ఒకటి తయారు చేసుకున్నా. తేదీ, సైటు, ఎవరికి, దేనికి, ఎంత, నగదా ఫోన్‌పేనా, అంతే. మున్షీకి టైపింగ్ రాదు, వాట్సాప్‌లో మాట చెప్పి పంపిస్తాడు, రాత్రి వంట అయ్యాక విని ఎక్కిస్తా. ఏ రోజుది ఆ రోజే ఎక్కించాలి, మూడు రోజులు ఆగితే ఎవరికీ గుర్తుండదు.

తమ్ముడూ దేవరకొండ, ముందు ఒక నెల ఇలా షీటులో చేసి చూడు. అలవాటు నిలబడితే అప్పుడు సాఫ్ట్‌వేర్ కొను.

పద్దులాయన (నల్లగొండ)

నేను కాంట్రాక్టర్ల పుస్తకాలు రాస్తాను, రిటర్నులు వేస్తాను. అక్క చెప్పిన పద్ధతి మంచిదే. అయితే గవర్నమెంటు పనులు చేసేవాళ్లు చేసే అసలు పొరపాటు వేరే ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా అది అలాగే ఉంటోంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

బ్యాంకులో ఎంత పడితే అంతే ఆదాయం అని రాసుకుంటున్నారు. ఒక రన్నింగ్ బిల్లు, అంటే పని నడుస్తుండగా పెట్టే బిల్లు తీసుకుందాం. పని విలువ 10,00,000. జీఎస్టీ 18 శాతం 1,80,000. మొత్తం 11,80,000. ఇందులో కటింగులు చూడండి. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, అది పని విలువ మీదే, 20,000. ఇన్‌కమ్ ట్యాక్స్ టీడీఎస్ సొంత పేరు మీద చేసేవాళ్లకు 1 శాతం, 10,000. లేబర్ సెస్ 1 శాతం, 10,000. ఎఫ్‌ఎస్‌డీ, అంటే పూచీగా ఆపి ఉంచే డిపాజిట్, మీ అగ్రిమెంటులో 7.5 శాతం అని ఉంటే 75,000. సీనరేజీ, అంటే ఇసుక, కంకర లాంటి వాటి మీద ప్రభుత్వానికి పోయే రుసుము, వాడిన మెటీరియల్‌ని బట్టి, 22,000 అనుకుందాం. అన్నీ కలిపి 1,37,000 పోతే మీ ఖాతాలో పడేది 10,43,000.

ఇప్పుడు మీరు 10,43,000 అని ఒక్క ఎంట్రీ వేస్తే ఏమవుతుంది? అందులో ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీ కలిసిపోయి ఉంది, అది మీ డబ్బు కాదు. ఇంకోవైపు ఆ 75,000 ఎఫ్‌ఎస్‌డీ ఖర్చు కాదు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పనిలో లోపం వస్తే మనమే బాగు చేయాల్సిన కాలం) అయ్యాక మీకు తిరిగి రావాల్సిన డబ్బు, పుస్తకంలో లేకపోతే అడిగేవాడే ఉండడు. ఇన్‌కమ్ ట్యాక్స్ టీడీఎస్ మీరు ముందే కట్టిన పన్ను, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ పేరు మీద కనపడే టీడీఎస్ లెక్కతో సరిచూసుకోవాలి. లేబర్ సెస్, సీనరేజీ మాత్రమే నిజంగా ఖర్చు. ఒక్క బిల్లులో ఐదు కటింగులుంటే ఐదు వేర్వేరు ఖాతాలు ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చినవాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

జీఎస్టీ టీడీఎస్ గురించి ఇంకొక మాట. ఇది 2018 అక్టోబర్ 1 నుంచి ఉంది, కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే కట్ చేస్తారు. కట్ చేసిన శాఖ తర్వాతి నెల 10వ తేదీలోపు జీఎస్టీఆర్-7 అనే రిటర్ను వేయాలి. వేశాక అది జీఎస్టీ పోర్టల్‌లో మీకు కనపడుతుంది, మీరు లాగిన్ అయి యాక్సెప్ట్ కొడితేనే మీ క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే జీఎస్టీ కట్టడానికి వాడుకునే ఖాతాలోకి వస్తుంది. ఊరికే రాదు. నా దగ్గరకు కొత్తగా వచ్చేవాళ్లలో చాలామందికి ఈ యాక్సెప్ట్ కొట్టాలన్న సంగతే తెలియదు.

డిండి_కాంట్రాక్టర్

సార్, చదువుతుంటే చెమటలు పట్టాయి. నేను ఇన్నాళ్లూ బ్యాంకులో పడిందే రాశా. యాక్సెప్ట్ సంగతి నిజంగా తెలియదు. రేపే చూస్తా.

సెంట్రింగ్_తమ్ముడు

పద్దులాయన సార్, ఈ ఐదు ఖాతాలు టాలీలో అవుతాయా?

పద్దులాయన

అవుతాయి. ప్రతి సైటును కాస్ట్ సెంటర్‌గా (ఖర్చు వేరుగా చూపించే పద్దు), ఒక్కో సైటు స్టాకును ఒక్కో గోడౌన్‌గా పెట్టుకుంటే సిమెంటు ఈ సైటు నుంచి ఆ సైటుకు పోయినప్పుడు ట్రాన్స్‌ఫర్ ఎంట్రీ వేయొచ్చు. జోహో బుక్స్‌లో ప్రాజెక్టు పేరు పెట్టి బిల్లులు, ఖర్చులు దానికి తగిలించొచ్చు, ఫోన్‌లో ఖర్చు ఫొటో ఎక్కించడం దాంట్లో తేలిక. టాలీ మన జిల్లాలో తెలిసినవాళ్లు వీధికొకరు దొరుకుతారు, కష్టం వస్తే పిలిస్తే వస్తారు, అది చిన్న విషయం కాదు.

ఇంకోటి, సాఫ్ట్‌వేర్‌లో జీఎస్టీ రేటు తేదీని బట్టి మారేలా ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ పనుల మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 2022 జూలై 18 నుంచి 18 అయింది, పని మధ్యలో ఉన్నవాళ్లు ఏ బిల్లుకు ఏ రేటో తెలియక ఎంత టెన్షన్ పడ్డారో నేను దగ్గరుండి చూశా. సిమెంటు 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 నుంచి 18కి దిగింది. పాత స్టాకు బిల్లు, కొత్త స్టాకు బిల్లు కలిపేస్తే ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునేది) తప్పు వస్తుంది. అందుకే 14వ తేదీన పోర్టల్‌లో 2బీ (మీకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా) తయారవగానే మీ కొనుగోళ్లతో పోల్చి చూసుకోండి. షాపువాళ్లు రిటర్ను వేయకపోతే మీ క్రెడిట్ అక్కడ కనపడదు, అప్పుడే ఫోన్ చేయాలి, సంవత్సరం తర్వాత కాదు.

పాలమూరు_నుంచి_డాలస్

మాది మక్తల్ దగ్గర, ఇప్పుడు టెక్సాస్‌లో ఒక బిల్డింగ్ కంపెనీ ఆఫీసులో చేస్తున్నా. ఇక్కడ ప్రోకోర్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం. బిల్లులో కొంత శాతం చివరిదాకా ఆపడం ఇక్కడా ఉంది, రిటైనేజ్ అంటారు, మన ఎఫ్‌ఎస్‌డీ లాంటిదే. దానికి సాఫ్ట్‌వేర్‌లో వేరే కాలమ్ ఉంటుంది, ప్రతి బిల్లులో ఇప్పటిదాకా ఎంత ఆగిందో మొత్తం కనపడుతుంది. పని మధ్యలో ఓనరు ఏదైనా మార్చమంటే ముందు కాగితం మీద సంతకం, తర్వాతే పని. ఆ రెండు అలవాట్లు మనవాళ్లు తీసుకుంటే చాలు, సాఫ్ట్‌వేర్ ఇది కొనక్కర్లేదు. ఇది పెద్ద కంపెనీలను చూసి చేసింది, మన సీనరేజీ, ఎంబీ (కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు) లాంటివి ఇందులో వెతుక్కోవాలి.

కొనేముందు ఇంకో సంగతి చూడండి. క్విక్‌బుక్స్ పేరు విని ఉంటారు, 2023లో ఇండియాలో సర్వీసు ఆపేసింది. ఏ కంపెనీ అయినా రేపు అలా నిర్ణయం తీసుకోవచ్చు. కాబట్టి మొత్తం డేటా ఎక్సెల్‌లోకి దించుకునే వీలు ఉందా, డబ్బు కట్టడం మానేస్తే పాత లెక్కలు కనపడతాయా అని రాతపూర్వకంగా అడగండి.

పద్దులాయన

మంచి మాట. జీఎస్టీ చట్టం ప్రకారం పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. సబ్‌స్క్రిప్షన్ అయిపోయిందని డేటా పోతే అధికారి దగ్గర ఆ కారణం చెల్లదు. నెలకోసారి దించి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో కంప్యూటర్‌లో ఒకటి పెట్టుకోండి.

ఎంబీ_రాసినాయన (వనపర్తి)

నేను ఇంజినీరుగా చేసి రిటైరయ్యా. కాంట్రాక్టర్లకు ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మీ యాప్‌లో ఎంత ఉన్నా బిల్లు నడిచేది ఎంబీ మీద. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలతలు రాయాలి, ఆయన పై అధికారి డీఈ వాటిని మళ్లీ కొలిచి సరిచూడాలి. అయినా మీ రికార్డు పనికిరాదని కాదు. కాంక్రీటు పోశాక లోపలి కడ్డీ ఎవరికీ కనపడదు. ఫుటింగ్ లోతు, కడ్డీ దూరం టేపు పెట్టి తేదీతో ఫొటో తీసి ఉంచుకుంటే తర్వాత అనుమానం వచ్చినప్పుడు అదే మాట్లాడుతుంది. కల్వర్టు పునాదిలో అనుకున్నదానికన్నా ఎక్కువ లోతు తవ్వాల్సి వస్తే పూడ్చేముందే ఏఈకి చెప్పి కొలిపించండి. పూడ్చాక ఎవరు రాస్తారు?

ఇంకోటి, సాఫ్ట్‌వేర్‌లో మెటీరియల్ ఎక్కించడం దగ్గర ఆగిపోకండి. వచ్చిందానికీ పని తిన్నదానికీ పోల్చండి. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపిన ఎం20 కాంక్రీటు క్యూబిక్ మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. 42 క్యూబిక్ మీటర్ల స్లాబుకు 336 బస్తాలు. స్టాకులో 371 తగ్గితే 35 బస్తాలు ఎక్కడికి పోయాయో ఆ వారమే అడగాలి. తడిసి గడ్డకట్టాయా, పక్క సైటుకు పోయాయా, లెక్క తప్పిందా, అప్పుడైతే మనిషికి గుర్తుంటుంది.

సెంట్రింగ్_తమ్ముడు

సార్, స్టీలు గురించి కూడా చెప్పండి. మొన్న నాకు 12 ఎంఎం కడ్డీ వచ్చింది. చీటీలో 4,200 కిలోలు. మా పిల్లాడు కడ్డీలు లెక్కపెడితే 380. గూగుల్‌లో చూస్తే కడ్డీ 10.67 కిలోలట, అంటే 4,055. దగ్గర దగ్గర 145 కిలోలు తేడా. షాపు ఆయనతో గొడవ పెట్టుకోవడానికి రెడీ అయ్యా.

ఎంబీ_రాసినాయన

ఆగు బాబూ. లెక్క సరిగానే వేశావు, వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకు 0.889 కిలో, 12 మీటర్లకు 10.67. కానీ అది పుస్తకంలోని బరువు. 12 ఎంఎం కడ్డీకి ఐఎస్ 1786 అనే కడ్డీల ప్రమాణంలో 5 శాతం అటూఇటూ ఒప్పుకుంటారు. నీ తేడా మూడున్నర శాతం. కడ్డీ నిజంగానే బరువు ఎక్కువ ఉండొచ్చు, లేకపోతే కాంటాలో ఖాళీ బండి బరువు పాతది వేసి ఉండొచ్చు. ఒక మీటరు ముక్క కోసి కిరాణా కాంటా మీద తూచు. 920 గ్రాముల దగ్గర ఉంటే షాపు ఆయన తప్పు లేదు. 890 ఉంటే అప్పుడు వెళ్లి అడుగు, ఖాళీ బండి కాంటా మళ్లీ వేయించు. ప్రతి లోడుకూ బరువు, కడ్డీల లెక్క రెండూ ఎక్కించు, నాలుగైదు లోడ్లకు ఎప్పుడూ ఒకవైపే తేడా వస్తుంటే అప్పుడు తెలుస్తుంది.

సెంట్రింగ్_తమ్ముడు

తూచా సార్. 918 గ్రాములు వచ్చింది. మంచిపనైంది ఫోన్ చేయలేదు, పదేళ్ల నుంచి అప్పు ఇస్తున్న మనిషి. అయితే ఇక్కడ ఇంకో సంగతి అర్థమైంది, ఎస్టిమేషన్‌లో కడ్డీ పుస్తకం బరువుతో వేసుకుంటే, ఇలా బరువు ఎక్కువ ఉన్న కడ్డీ వచ్చినప్పుడు స్టీలు ఖర్చు తక్కువ చూపిస్తుంది.

సైటు_పద్దు

లేబర్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు, నా బాధ అదే కాబట్టి నేనే చెప్తా. మన పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు, కాల్వలు తవ్వినవాళ్లు, ఎన్ని రోజులు చేశారో వాళ్ల చేతిలో మాత్రం ఒక్క కాగితం ఉండదు. బిల్లులో మన దగ్గర 1 శాతం లేబర్ సెస్ కట్ చేస్తారు కదా, అది వీళ్ల సంక్షేమ బోర్డుకే పోతుంది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు అందులో పేరు రాయించుకోవచ్చు. మనం హాజరు మనిషి పేరుతో వేస్తే ఆ 90 రోజులకు రుజువు మన దగ్గరే ఉన్నట్టు. అందుకని నేను "12 మంది" అని రాయడం మానేసి పేర్లు రాయడం మొదలుపెట్టా. ఇప్పటికి మా గుంపులో ఆరుగురికి పని చేసినట్టు రాసిచ్చాం. సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు హాజరు తలల లెక్కా, పేర్ల లెక్కా అన్నది చూసుకోండి.

పద్దులాయన

అక్కా, చాలా మంచి పని చేశారు. దానికి తోడు ఇన్‌కమ్ ట్యాక్స్ వైపు కూడా ఇది పనికొస్తుంది. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు. మీరు మేస్త్రీకి 60,000 నగదు ఇచ్చి లేబర్ అని రాస్తే ఇబ్బంది. పేరు పేరునా ఫోన్‌పే చేసి హాజరుతో కలిపితే ఇబ్బందే లేదు.

పాత_మేస్త్రి

అమ్మా జడ్చర్ల, నువ్వు చెప్పింది చదివి నా గుంపు గుర్తొచ్చింది. నాతో 22 ఏళ్లు చేసిన సుతారి ఒకాయనకు మోకాళ్లు పోయాయి, ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. ఎన్నేళ్లు పని చేశాడో నాకు తెలుసు, నా బుక్కుల్లో మాత్రం "సుతారి 4, కూలీ 9" అనే ఉంది. ఆయన పేరు ఎక్కడా లేదు. నా మనవడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఆ షీటు ఎలా తయారు చేయాలో వాడికి చెప్పగలవా?

సైటు_పద్దు

తప్పకుండా బాబాయ్. రేపు పొద్దున ఖాళీ షీటు ఒకటి ఇక్కడే పెడతా, అందరూ కాపీ చేసుకోండి.

అడవిలో_సైటు (అచ్చంపేట)

ఒక చిన్న సందేహం. నా సైటు అమ్రాబాద్ వైపు, సిగ్నల్ ఉండదు. క్లౌడ్ అంటే నెట్ ఉండాలి కదా?

సెంట్రింగ్_తమ్ముడు

నెట్ లేనప్పుడు ఫోన్‌లో దాచుకుని సిగ్నల్ వచ్చాక తనంతట తానే పంపించేవి ఉన్నాయి అన్నా, అన్నీ అలా ఉండవు. ట్రయల్ ఇచ్చినప్పుడు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పది ఎంట్రీలు వేసి చూడండి, మళ్లీ నెట్ ఆన్ చేశాక పదీ వచ్చాయా, తేదీ సైటులో వేసినదే ఉందా లేక నెట్ వచ్చిన తేదీ పడిందా చూడండి. తెలుగులో మెనూ ఉందా అన్నది కూడా. మా మున్షీ ఇంగ్లీషు బటన్ చూసి 40 బస్తాలు వచ్చినట్టు కాకుండా వాడినట్టు కొట్టేశాడు ఒకసారి.

డిండి_కాంట్రాక్టర్ (ఆరు వారాల తర్వాత)

అందరికీ పేరు పేరునా థాంక్స్. ఏం చేశానో చెప్తా. పోర్టల్ తెరిచి చూస్తే జీఎస్టీ టీడీఎస్ 64,200 యాక్సెప్ట్ కొట్టకుండా పడి ఉంది, కొట్టా, క్యాష్ లెడ్జర్‌లోకి వచ్చింది. ఒక బిల్లుది ఇంకా కనపడటం లేదు, కట్ చేసినవాళ్లను అడిగితే రిటర్ను వేయాలి అన్నారు, తిరుగుతున్నా. పాత పనులు మూడింటి ఎఫ్‌ఎస్‌డీ అగ్రిమెంట్లు తీసి కూడితే 3,86,000, అందులో ఒకదాని గడువు ఎప్పుడో అయిపోయింది. అర్జీ పెట్టా.

సాఫ్ట్‌వేర్ ఇంకా కొనలేదు. అక్క షీటు వాడుతున్నా, టాలీ మా అకౌంటెంటు దగ్గర ఉంది, నాలుగు సైట్లకు నాలుగు కాస్ట్ సెంటర్లు పెట్టించా. కాంటా చీటీ ఫొటో రాకపోతే టిప్పరు దింపొద్దని మున్షీకి చెప్పా. మొదటి వారం డ్రైవర్లు విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే చీటీ ముందు చేతికిస్తున్నారు. జేసీబీకి మాత్రం ఇంకా దారి దొరకలేదు. గంటలు రెండు సైట్లకు పంచుతున్నా, డీజిల్ ఎలా పంచాలి? గంటల లెక్కన పంచితే కల్వర్టు దగ్గర రాయి కొట్టిన గంటకూ రోడ్డు మీద మట్టి లాగిన గంటకూ ఒకటే పడుతోంది.

ఎంబీ_రాసినాయన

ఒక వారం పాటు సైటు మారేటప్పుడు ట్యాంకు నిండుగా కొట్టించి అవర్ మీటరు ఫొటో తీయించు. రాతి పనికి గంటకు ఎన్ని లీటర్లు, మట్టి పనికి ఎన్ని లీటర్లు నీ బండికే వేరుగా తెలుస్తుంది. ఆ రెండు అంకెలతో పంచుకో. బండి పాతబడే కొద్దీ మారుతుంది, మూడు నెలలకోసారి మళ్లీ చూడు.

డిండి_కాంట్రాక్టర్

సోమవారం నుంచి మొదలుపెడతా సార్. అంకెలు వచ్చాక ఇక్కడే రాస్తా.